బస్సు పాటలో నా దగ్గు

గొంతునిచ్చిన దేవునికి స్తోత్రం. ఆ గొంతు ఆయనను మరిచి తన గొప్ప తానే పాడుకున్న రోజుల్లో కూడా దాన్ని వెనక్కి తీసుకోని ప్రభువుకు స్తోత్రం. మా ఎర్రమట్టి పల్లెల్లో, పల్లికాయ చేలల్లో, కూలివాళ్ళ నోళ్ళలో తన నామాన్ని పాడించుకున్నవాడికే మహిమ. నేను రాయబోయేది మాత్రం నా పాపం సంగతి.

వనపర్తిలో మా సంఘం పిల్లలు క్రిస్మస్‌కు రంగు కాగితాల నక్షత్రాలు అంటిస్తున్నారు. నిన్న మందిరంలోకి అడుగుపెట్టగానే మైదాపిండి ఉడికించి చేసిన జిగురు వాసన, కొంచెం తియ్యగా, కొంచెం పులిసినట్టుగా ముక్కుకు తగిలింది. అంతే, నాకు పదకొండేళ్ళు వచ్చేశాయి.

మా ఊరు ఖిల్లా ఘణపూర్‌కు దగ్గర. వాకిట్లో నిలబడితే గుట్ట మీది కోటగోడ కనపడేది. వానలు వెనకపట్టాక గుట్టల నుంచి సీతాఫలాలు గంపలతో దిగేవి, వాటిని గడ్డిలో కప్పెట్టి, పండాయో లేదోనని గంటకోసారి నొక్కి చూసి అమ్మతో తిట్లు తినేవాళ్ళం. పల్లికాయ పీకే రోజుల్లో చేనుగట్టున మంట వేసి కాయలు కాల్చుకుంటే పెదాలు నల్లబడేవి, ఆ నల్ల పెదాలతోనే ఆదివారం బడికి పోయేవాళ్ళం. క్రిస్మస్ నెల వచ్చిందంటే గరిజెలు, సకినాలు, నూనె వాసన, సున్నం వాసన, మందిరం మెట్ల మీద కచ్చకాయల ఆట. మా నాన్న కూలికి పోయిన చోటే పాటలు కట్టేవాడు. పాత క్యాలెండర్ కాగితాల వెనక రాసుకుని, రొట్టె ముక్క చేతిలో పట్టుకుని తినడం మరిచి, వేలితో తొడ మీద తాళం వేస్తూ కూర్చునేవాడు. ఆ పాటలు సంఘంలో పాడేది నేను. ‘మార్త గొంతు’ అని పెద్దలు అనేవాళ్ళు. ఆ మాట నాకు గరిజెల కంటే తీపి.

మా చిన్నమ్మ, చిన్నాయన మట్టిపనికి పూణె పోతూ ఎస్తేరును మా ఇంట్లో వదిలారు. నాకంటే ఏడాది చిన్నది. దానితోపాటు, బిడ్డకు తోచకపోతే వింటుందని, ఒక టేప్ రికార్డర్ కూడా వదిలారు. అప్పటికే మా ఇంట్లో ఒకటి ఉంది. రెండోది రావడంతో నాన్నకు ఆలోచన వచ్చింది: మన పాటలు మనమే క్యాసెట్ చేసి గద్వాల ప్రార్థన సభల్లో ఇద్దాం. అమ్ముదాం అనకూడదు, ధర అనే మాట ఎత్తకూడదు, కానుక అనాలి. అది నాన్న పెట్టిన నియమం.

మొదటి క్యాసెట్ నాన్న డోలక్‌తో, నా గొంతుతో ఒక వారమంతా మధ్యాహ్నాలు రికార్డు చేశాం. ఇక పాటలన్నీ అయ్యాయనుకున్న రోజున, ఎస్తేరు పెరట్లో గిన్నెలు తోముతూ తనలో తాను ఏదో పాడుకుంటోంది. నాన్న డోలక్ పక్కన పెట్టి విన్నాడు.

‘అమ్మ ఎక్కిన బస్సు ఎన్క నడిచొస్తవా దేవా, దుమ్ములో నీ కండ్లు మండుతయేమో దేవా.’

“ఎవరు నేర్పిండ్రే?” అన్నాడు నాన్న.

“ఎవరు నేర్పలే పెద్దనాయినా. ఊకెనే వచ్చింది.”

నాన్న నా వైపు తిరిగి, “మార్తా, క్యాసెట్ల జాగ లేదు బిడ్డ. నీది ఒక పాట తీసేద్దాం. గీ పాట పడాలె” అన్నాడు.

“గది ప్రార్థన పాటనా నాయినా? బస్సు పాట!”

“గసొంటి పాట నేను గూడ కట్టలేను బిడ్డ” అన్నాడు. నాన్న నా గురించి ఎప్పుడూ అలా అనలేదు.

కాపీలు చేసే పద్ధతి ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. బొంత మీద రెండు టేప్ రికార్డర్లను ఎదురెదురుగా, ముఖాలు కలిపి పెట్టేవాళ్ళం. ఒకటి పాడితే ఇంకొకటి వినేది. మధ్యలో తీగ లేదు, మా ఇంటి గాలే ఉంది. అందుకని ఒక్కో క్యాసెట్‌కు గంటసేపు ఇల్లంతా ఊపిరి బిగపట్టాలి. కోళ్ళను గంప కింద మూసి, తలుపుకు తడి గోనెసంచి వేలాడదీసి, పక్కనున్న పిండిగిర్ని ఆగేదాకా కాచుకుని బటన్లు నొక్కేవాళ్ళం. అయినా ప్రతి క్యాసెట్‌లోకి ఆ మధ్యాహ్నం కొంచెం జారిపడేది, ఒకదాంట్లో కాకి, ఒకదాంట్లో అమ్మ గాజులు. గద్వాల సభల్లో ఒకాయన క్యాసెట్ పట్టుకుని తిరిగొచ్చి, “ఏందన్నా, స్తోత్రం నడిమిట్ల మేక ఒర్రుతుంది” అంటే, నాన్న, “ఆయన జేసిన మేకనే గదా అన్నా, స్తోత్రం జెయ్యనీ” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు.

పేర్ల కాగితం వనపర్తిలో జిరాక్స్ తీయించి, కత్తిరించి, పిండి జిగురుతో అంటించడం నా పని. ‘పాడినవారు కుమారి మార్త, కుమారి ఎస్తేరు’ అని ఉండేది. నా పేరు నిండుగా కనపడేటట్టు, ఎస్తేరు పేరు అంచు కిందికి మడతపడేటట్టు అంటించేదాన్ని. ఎవరూ కనిపెట్టలేదు.

కానీ గద్వాల సభల్లో చాప మీద క్యాసెట్లు పరిచి కూర్చుంటే, వడ్డేపల్లి నుంచి వచ్చిన ఆడవాళ్ళు వంగి, “గా బస్సు పాట పాడిన పిల్ల యాడుంది?” అని అడిగారు. ఎస్తేరు సిగ్గుపడి నా వెనక దాక్కుంది. ఒకామె దాని బుగ్గలు పట్టుకుని ఏడ్చింది. ఆమె కొడుకూ కోడలూ బొంబాయిలో ఉన్నారట. నా పాటల గురించి ఒక్కరూ అడగలేదు. నవ్వుతూనే కూర్చున్నాను. లోపల మాత్రం నిప్పు పెట్టినట్టు మండింది.

ఇంటికొచ్చాక మళ్ళీ కాపీలకు కూర్చున్నాం. ఎస్తేరును బోరింగు దగ్గరికి నీళ్ళకు పంపారు. గదిలో నాన్నా నేనూ. దాని పాట వచ్చింది. సరిగ్గా ‘దుమ్ములో’ అన్న చోట దగ్గాను. తర్వాతి క్యాసెట్‌లో అక్కడే దగ్గాను. మూడోదాంట్లోనూ.

“గొంతుల దుమ్ము పోయింది నాయినా” అన్నాను. టేప్ రికార్డర్ల సెల్లులు అయిపోవచ్చాయి, మళ్ళీ చేసే వీలు లేదు. నాన్న శొంఠి కషాయం కాచి తెచ్చాడు. నా అబద్ధానికి ఆ కారం గుక్కెడు గుక్కెడుగా మింగాను.

ఆ మూడింటిలో ఒకటి పూణె పోయేవాళ్ళ చేత చిన్నమ్మకు అందింది.

క్రిస్మస్‌కు ఇంకా రెండు వారాలుందనగా, చెప్పాపెట్టకుండా చిన్నమ్మ నెత్తిన సంచితో వాకిట్లోకి వచ్చింది. అమ్మానాన్నలు పనికి పోయారు. ఎస్తేరును దగ్గరికి లాక్కుని వీపు మీద చెవి ఆనించింది.

“ఎన్ని దినాల సంది దగ్గుతున్నవే?”

“నాకేం దగ్గు లేదమ్మా.”

“నాతోని దాస్తున్నవా? పాటల ఇన్న గదనే! దుమ్ము అనంగనే దగ్గితివి.” చిన్నమ్మ నా వైపు చూసింది. “మార్తా, నువ్వు చెప్పు బిడ్డ. నువ్వు అబద్ధం ఆడవు. దీనికి దగ్గున్నదా?”

ఒక్క మాట చాలు. ‘ఆ దగ్గు నాది చిన్నమ్మా’ అంటే చాలు.

“ఉన్నది చిన్నమ్మా” అన్నాను. “మస్తుగ దగ్గుతది.”

ఎస్తేరు నా ముఖంలోకి చూసింది. కోపం లేదు. పెద్దది కదా, అక్కకు తెలిసే ఉంటుంది అన్నట్టు, తన గొంతును తనే చేత్తో తడిమి చూసుకుంది.

సాయంత్రం నాన్న వచ్చి విని, “మార్తది దీనికి గూడ అంటుకున్నదా?” అని బాధపడ్డాడు. “బిడ్డ నా కండ్ల ముంగట ఉంటే చాలు బావా, చదువు పోతే పాయె” అంది చిన్నమ్మ. రెండు రోజుల తర్వాత ఎస్తేరు పూణె బస్సెక్కింది. ఆ క్రిస్మస్‌కు పాటలన్నీ నేనే పాడాను. ఆరాధన అయ్యాక ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని, “మంచిగ పాడినవ్ బిడ్డ. గా బస్సు పాట పిల్ల ఏది?” అంది.

ఇప్పుడు నాన్న ప్రభువు దగ్గర ఉన్నాడు. ఆ క్యాసెట్లు ఎవరి ఇంట్లోనూ లేవు. రీళ్ళు బూజు పట్టి, చిక్కుపడి, చెత్తలో కలిసిపోయాయి. పూణెకు పోయినదాన్ని మిషనే మింగేసిందట. ఇప్పుడు ఫోన్‌లో పాడితే పాట నిమిషంలో ఊళ్ళు దాటుతుంది, దానికోసం ఏ ఇల్లూ గంటసేపు మౌనంగా కూర్చోదు. ఎస్తేరు అక్కడి సంఘంలో మరాఠీలో పాడుతుంది. నాకు పంపుతుంది. నేను వింటాను, శ్రుతి ఎక్కడ తప్పిందో వెతుకుతాను, దొరకదు, తుడిచేస్తాను. సంఘంలో ఇన్నేళ్ళు ప్రేమ గురించి బోధించిన నోరు ఇది.

పోయిన వారం ఫోన్ చేసింది. “అక్కా, బస్సు పాట రెండో చరణం యాదికొస్తలేదు. అమ్మకు బాగుంటలేదు, ఒక్కసారి ఇంటా అంటుంది. నీకు ఎరుకనా?”

ఎరుకే. అన్ని కాపీలకు కాపలా కూర్చున్నదాన్ని, దాని మాటలే కాదు, మధ్యలో అది ఊపిరి తీసుకున్న చోట్లు కూడా నాకు తెలుసు.

“లేదు ఎస్తేరు, ఎప్పటిదో గదా” అన్నాను.

“పోనీ తీయ్ అక్కా. నీ పాటలైతే నాకు అన్నీ యాదికున్నయి. పిల్లలకు అవే నేర్పిస్తున్న” అంది.

ఆ చరణం ఇప్పుడు భూమ్మీద నా ఒక్కదాని దగ్గరే ఉంది, దాన్ని ఎస్తేరు కన్నతల్లి చెవికి పోకుండా పట్టుకుని కూర్చున్నాను. ఈ ఆదివారం ఆరాధన కాగానే ఫోన్ చేయాలి, పాడాలి, ఆ దగ్గు ఎవరిదో చెప్పాలి. పోయిన ఆదివారం కూడా ఇలాగే అనుకున్నాను. అందుకే నా ఒక్కదాని ప్రార్థన చాలదని మిమ్మల్ని అడుగుతున్నాను. చదివిన మీరు ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని నాతో కలిసి ఇలా అనండి: ప్రభువా, చిన్నమ్మ వినగలిగి ఉండగానే మార్త నోరు తెరువు.