పొలిమేర లోపలి మనిషి

హంపమ్మను మీది ఏ ఊరని ఎవరడిగినా రాయచూరు దిక్కు అనేది. ఆ ఊళ్ళో ఆమెకు ఇల్లు లేదు, గుంటెడు భూమి లేదు, ఎదురొచ్చి పలకరించే మనిషి కూడా మిగల్లేదు. అయినా కూలి జట్టు మనుషులకు అదొక పట్టింపు. గుడిసె ఎక్కడ వేసుకున్నా బొడ్డు కోసిన ఊరి పేరే చెప్పాలి. పని దొరికిన చోటును తన ఊరని చెప్పుకోవడం పక్కవాడి ఎద్దును తనదని చెప్పుకోవడమంత తప్పు. ఆ పట్టింపే ఒకసారి ఆమె పెనిమిటి ప్రాణం మీదికి తెచ్చింది.

ఆమెను తల్లి కాలువ గట్టు మీద మట్టి మోస్తూ కన్నది. నడక వచ్చిన నాటి నుంచి హంపమ్మ కూడా మేస్త్రీ వెంట తిరిగింది. ఇవాళ ఆనకట్ట, రేపు రోడ్డు, ఎల్లుండి గోడౌను. రేషన్ కార్డులు రాసే సర్కారు మనుషులు రాయచూరు వైపు వచ్చినప్పుడు ఆమె ఇక్కడ ఉండేది. ఇక్కడ రాసేటప్పుడు ఇంకెక్కడో ఉండేది. అలా రెండు రాష్ట్రాలకూ ఆమె చేతి పని తెలుసు గానీ మనిషి తెలియదు. తిమ్మప్పతో పెళ్ళి కూడా పని జాగాలోనే అయింది. పందిరికి కట్టెలు మేస్త్రీ ఇచ్చాడు. మర్నాడు పొద్దున్నే వాటిని విప్పించి పనికి వాడుకున్నాడు.

మాదాపూర్‌లో బండలు పేల్చి అద్దాల భవనాలు లేపుతున్న రోజుల్లో ఆ జట్టు ఇటు వచ్చింది. భవనం లేవకముందే దాని బొమ్మ పేపర్లలో వచ్చింది. ఆ బొమ్మలో చెట్లున్నాయి, కార్లున్నాయి, పరంజా మాత్రం లేదు. పరంజా లేకుండా గోడ ఎలా లేస్తుందో గీసినవాడికే తెలియాలి. హంపమ్మకు ఆ సంగతులు పట్టవు. ఇసుక జల్లెడ పట్టేది, సాయంత్రం కొండాపూర్ అవతలి పాత ఊరి చివర, రాళ్ళ మధ్య వేసుకున్న గుడిసెకు పోయేది.

అక్కడే తిమ్మప్పకు దగ్గు మొదలైంది. సిమెంటు దుమ్మేలే అనుకున్నారు. నెత్తురు పడ్డాక ఆమె అతన్ని రెక్క పట్టుకుని ఊళ్ళో సర్కారు దవాఖానకు నడిపించింది. రెండు గదులు, ఒక వేపచెట్టు, వారానికి కొన్నాళ్ళు వచ్చే డాక్టరమ్మ, రోజూ ఉండే రజిత అనే నర్సు. పరీక్ష చేసి టీబీ అన్నారు. గోళీలు ఇంటికి ఇవ్వరు. రోజు విడిచి రోజు వచ్చి నర్సు కళ్ళ ముందే మింగాలి.

"నోరు తెరువ్. నాలుక ఎత్తు. ఆ, పోయింది లోపలికి" అనేది రజిత. "ఏందన్నా, గోళీలు మింగనీకె గింత మొఖం పెడ్తవ్? కల్లు తాగేటప్పుడు గిట్లనే పెడ్తవా?"

తిమ్మప్ప సిగ్గుపడి నవ్వేవాడు. నవ్వితే దగ్గు వచ్చేది. కొన్నాళ్ళకు నవ్వినా రాలేదు. ఒకరోజు అతను జొన్న రొట్టె అడిగి తిన్నాడు. హంపమ్మ పొయ్యి వైపు తిరిగి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆనాటి నుంచి దవాఖాన గడప తొక్కకుండా, చేత్తో తాకి కళ్ళకద్దుకుని దాటేది.

ఆ ఏడు దవాఖానకు మందులు తక్కువొచ్చాయి. ఊరి ముసలివాళ్ళు రక్తపోటు గోళీల కోసం వచ్చి ఉత్త చేతులతో పోవడం మొదలైంది. చెట్టు కింద కూర్చున్న గుడిసెల వాళ్ళను చూస్తే వాళ్ళకు కడుపు మండింది. యువజన సంఘం అధ్యక్షుడు మహేందర్ ఆ మంటను అందుకున్నాడు. తండ్రి భూమి అమ్మగా వచ్చిన జీపులో తిరుగుతూ, ఊరి ఆస్తి బయటివాళ్ళు తింటున్నారని చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పేవాడి సంగతి ఎట్లున్నా, గోళీలు అందని ముసలివాళ్ళ బాధ మాత్రం నిజం.

సర్కారు వాళ్ళు జన్మభూమి గ్రామసభ బడి ఆవరణలో పెట్టారు. హంపమ్మ చివర నిలబడింది. ఇవాళ్టి మాటతో తిమ్మప్ప గోళీలు ఉంటాయో ఆగుతాయో తేలుతుందని రజిత ముందే చెప్పింది. మధ్యలో ఆపితే రోగం మొండికెత్తుతుందని, అప్పుడు ఆ గోళీలకు లొంగదని కూడా చెప్పింది.

మహేందర్ లేచాడు. "మా అవ్వకు బీపీ గోళీ దొరకది. ఎక్కడోళ్ళకో ఇక్కడ దొరుకుతది. సర్కారు ఎవలది? మనది. మన్ది మనకు చాలకపోతే మందికి ఎట్ల పెడ్తం?"

చప్పట్లు మోగాయి. బడి పంతులు సీతారామాంజనేయులు గొంతు సవరించుకున్నాడు. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఆ ఊళ్ళో కిరాయికుంటున్నాడు. "అది అంటురోగమండీ. అతనికి మందు ఆపితే ఆ దగ్గు వచ్చి మనింట్లోనే కూర్చుంటుంది. దయతో కాకపోయినా భయంతోనైనా ఇవ్వాలి కదండీ."

"సారూ, మీరు గూడ బయటోళ్ళే. ముందుగాల మీ సంగతి తేలనియ్యి, వీళ్ళది తర్వాత చూద్దాం తియ్!" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. పంతులు కండువా సర్దుకుని కూర్చున్నాడు.

డాక్టరమ్మ మాత్రం గొంతు పెంచలేదు. "కార్డు లేకపోయినా నడుస్తది. ఈ మనుషులు ఈ ఊళ్ళ ఉండేటోళ్ళే అని ఊరి పెద్దమనిషి ఒక్కరు అందరి ముందట చెప్తే చాలు. నేను ఇస్త."

ఎవరూ కదల్లేదు. మహేందర్ వెనక్కి తిరిగి హంపమ్మను పిలిచాడు. "ఏమమ్మా, నువ్వే చెప్పు. ఏ ఊరు మీది?"

ఇక్కడే అనాలని రజిత కళ్ళతో సైగ చేసింది. హంపమ్మకు ఆ సైగ అర్థమైంది. అయినా నోరు దాని అలవాటు అది చేసింది. "రాయచూరు దిక్కన్నా" అంది.

"ఇన్నరా! ఇగ నేనేం చెప్పాలె?" అన్నాడు మహేందర్. సభంతా గొల్లున నవ్వింది. అబద్ధం ఆడనందుకు కాదు, ఆడటం రానందుకు హంపమ్మ తనను తాను తిట్టుకుంది.

అప్పుడు గోడకు ఆనుకుని బీడీ కాలుస్తున్న బైండ్ల పోచయ్య దాన్ని నేలకు రాసి ఆర్పాడు. ఊరి దేవతలకు కొలుపులు, ఊరి నడిబొడ్డున పాతిన బొడ్రాయికి పండుగ చేసే ముసలాయన. ముక్కు మీద కోపం. జాలి మాటలు ఆయన నోట ఎవరూ వినలేదు.

"ఓ మహేందరూ, నిరుడు బొడ్రాయి పండుగకు ఊరు కట్టింది ఎవలురా?"

"నువ్వే తాతా. గదిప్పుడెందుకు?"

"ఎందుకంటవేంది? పొద్దు పొడవకముందు పొలి బువ్వ జల్లుకుంట పొలిమేర సుట్టు తిరిగిన. ఆ గుడిసెలు లోపల వడ్డయి. పాత హద్దు బండ ఇంకా అవతల్నే ఉంది. ఆ దినం ఊళ్ళకెళ్ళి బయటికి పోవద్దు, బయటోడు లోపలికి రావద్దు. వీళ్ళు పనికి పోతమంటే కట్టె పట్టుకోని ఆపింది నువ్వే గదరా!"

"ఆపిన. అయితే?"

"అయితే వీళ్ళు లోపలోళ్ళు. కాదంటే జెప్పు, నేను కట్టిన కట్టు తెగినట్టే. బయటోళ్ళను లోపల వెట్టి ఊరు కడితే దేవత ఊకుంటదా? మల్ల బొడ్రాయి పండుగ జెయ్యాలె. మ్యాకలు తే. ఆడబిడ్డలందర్నీ మల్ల పిలిపియ్యి. బట్టలు వెట్టు. ఇంటింటికి నువ్వే తిరుగు. నాకైతే ఓపిక లేదు."

సభలో నవ్వు ఆగిపోయింది. ఆడబిడ్డలను మళ్ళీ పిలవాలన్న మాటకు ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కట్టు తెగిందన్న మాటకు మగవాళ్ళు నేల చూశారు. అద్దాల భవనాల నీడ పడేంత దగ్గరలో ఉన్నా, బొడ్రాయి దగ్గర చెప్పు విప్పని మగవాడు ఆ ఊళ్ళో లేడు.

"గంత దూరం ఎందుకు పోతవ్ తాతా" అన్నాడు మహేందర్, గొంతు తగ్గించి. "లోపలోళ్ళే అని నువ్వంటే లోపలోళ్ళే."

"నేననుడు గాదు. నువ్వను."

మహేందర్ మెడ రుద్దుకున్నాడు. "లోపలోళ్ళే" అన్నాడు.

డాక్టరమ్మ రాసుకుంది. ముసలివాళ్ళ గోళీల కోసం పైకి గట్టిగా అర్జీ పెడదామంది. దాని మీద అందరికంటే ముందు మహేందరే సంతకం పెట్టాడు. జీపులో తీసుకుపోయి పై ఆఫీసులో ఇచ్చినవాడూ అతనే. ఆ మంచి కూడా అతని ఖాతాలో ఉండనీ.

తర్వాతి కష్టం మేస్త్రీ రూపంలో వచ్చింది. మాదాపూర్ పని అయిపోయింది, జట్టు వేరే పట్నానికి లేస్తోంది. హంపమ్మ రానంది.

"జట్టు వదిలితే బతుకుతవా?" అన్నాడు మేస్త్రీ.

"గోళీలు అయిపోంగనే చూస్తం లేప్పా" అంది. పుట్టిన నాటి నుంచి జట్టు విడవని మనిషి, మొదటిసారి ఒక చోట ఉండిపోయింది. పొద్దున్నే కొండాపూర్ కూలీల అడ్డా మీద నిలబడేది. ఎవరు పిలిస్తే వారి వెంట పోయేది. కొన్నిసార్లు ఎవరూ పిలవక వెనక్కి వచ్చేది. అయినా గోళీ రోజున తిమ్మప్పను దవాఖాన దాకా నడిపించి, అతను నోరు తెరిచి చూపించాకే కదిలేది.

చివరి పరీక్షలో ఏమీ లేదని తేలింది. "ఇగ రాకుర్రి" అని రజిత నవ్వింది. ఆ నవ్వు చూసి హంపమ్మకు ఏం చేయాలో తోచలేదు. రజిత చేతులు రెండూ పట్టుకుని నుదుటికి ఆనించుకుంది. డాక్టరమ్మ కోసం బల్ల మీద జొన్న రొట్టెల మూట పెట్టింది. దారిలో మహేందర్ జీపు ఎదురైతే దానికీ ఒక దండం పెట్టింది. తిమ్మప్ప విసుక్కున్నాడు. "వానికెందుకే?"

"చివరికి అన్నది ఆయనే గదా" అంది.

కొబ్బరికాయ పట్టుకుని ఇద్దరూ పోచయ్య ఇంటికి పోయారు. ముసలాయన అరుగు మీద డప్పు చర్మం ఎండకు పెట్టుకుంటున్నాడు. హంపమ్మ కాళ్ళకు మొక్కబోతే విసురుగా వెనక్కి లాక్కున్నాడు.

"మీ కోసం జేసిన్నా ఏంది? నా కట్టు చెడిపోతదని జేసిన. మీరెవరో గూడ నాకెరుక లేదు."

"ఎందుకు చేసినవో అది నీ ఇష్టం తాతా. మొక్కేది నా ఇష్టం" అంది హంపమ్మ, మళ్ళీ వంగి కాళ్ళు పట్టుకుంటూ.

పోచయ్య కాసేపు గొణిగాడు. తర్వాత కొబ్బరికాయను చెవి దగ్గర పెట్టి ఊపి, నీళ్ళున్నాయని తల ఊపాడు. అరుగు రాతికి కొట్టి పగలగొట్టాడు. ఒక చెక్క తిమ్మప్ప చేతిలో పెట్టి, "నములు. పళ్ళు గట్టిగున్నయా లేదా చూస్త" అన్నాడు.

తిమ్మప్ప నమిలాడు.