రేగడిలో రెండో బిందె

1961 ఎండాకాలం. తాండూరు చుట్టుపక్కల ఏ నేల నీళ్లను ఎంత తొందరగా తాగుతుందో కొలిచి, చేలల్లో కట్టలు ఎక్కడ వేయాలో చెప్పడం నా ఉద్యోగం. చేతిలో ఉండేది ఇన్‌ఫిల్ట్రోమీటర్. పేరు చూసి బెదరకండి, అది అడుగు లేని ఇనుప గొట్టం, అంతే. సగం నేలలోకి దిగగొట్టి, నీళ్లు పోసి, ఎంత ఇంకాయో స్కేలుతో చూడాలి.

సాయమ్మ కంది చేను నల్ల రేగడి. ఆమె పుట్టిల్లు వికారాబాద్ వైపు, ఎర్రమట్టి మెట్టనేలల్లో, అంటే చెల్కల్లో. భర్త పోయాక ఒంటిచేత్తో సేద్యం చేసుకుంటోంది. చేను దిగువన కట్ట వేయించాలని ఆమెది ఒకటే పట్టు.

"మా నాయిన కట్టేసిండు సారూ. వాన గాడ్నే ఆగి భూమిలకు దిగుతుండె, బాయి నిండుతుండె. గీడ అంత వాగుల కలుస్తుంది. గసొంటి కట్ట నాక్కూడ ఏయించుండ్రి."

గొట్టం దిగగొట్టి బిందెడు నీళ్లు పోశాను. చూస్తుండగానే మాయం. సాయమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

"జూస్తిరా! మా నాయిన చెల్క తాగినట్టే తాగె!"

అది నెర్రెల పని. ఎండకు పగిలిన రేగడి మొదటి నీళ్లను గటగటా మింగేస్తుంది. తడిసి ఉబ్బాక పగుళ్లు మూసుకుపోతాయి, ఇక చుక్క దిగదు. చెల్క తడిసినా తాగుతూనే ఉంటుంది. ఆ సంబరం చూశాక ఇదంతా చెప్పడానికి నాకు నోరు రాలేదు. తొలకరి పడ్డాక మళ్లీ వస్తానన్నాను.

వచ్చాను. అదే చోటు, అదే బిందె. ఆమె పెట్టిన జొన్నరొట్టె తిన్నాను, ఊళ్లో కబుర్లన్నీ అయిపోయాయి. గొట్టంలో నీళ్లు పోసినవి పోసినట్టే ఉన్నాయి.

"కట్టేస్తే నీళ్లు నిలుస్తయమ్మా, కంది ఏర్లు కుళ్లుతయి. ఏడాది తిండి పోతది. వాలు చూసి కాలువ తీద్దం" అన్నాను.

ఆమె గొట్టం మీదికి వంగి ఆ నీళ్లను వేలితో తాకి చూసింది. "ఎంత జేసినా గిది మా నాయిన భూమి కాదు" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. "కాలువనే తియ్యుండ్రి. కంది బతకాలె."

కంది బతికింది. మరుసటి వానాకాలం నాకు వికారాబాద్ వైపు పని పడింది. సాయమ్మకు కబురు పెడితే రైలెక్కి వచ్చింది. వాళ్ల నాయిన చెల్క అప్పటికే పరాయివాళ్లది. కట్ట, బావి మాత్రం అలాగే ఉన్నాయి. తడినేలలో గొట్టం దిగగొట్టాను. మొదటి బిందె ఇంకింది, రెండోదీ ఇంకింది. నా కొలత అయిపోయింది. ఆమె మాత్రం నాయిన తవ్వించిన బావిలోంచి తోడి తెచ్చి మళ్లీ పోసింది.

"తాగుతుంది సారూ. ఇంకా తాగుతుంది."

రైలు వేళ అవుతోందని చెప్పడం నా వల్ల కాలేదు.

ఆ తర్వాత రెండో బిందె పోయకుండా ఏ నేల గురించీ మాట చెప్పలేదు, ఆ సంగతి నేర్పింది రేగడి. ఎర్రమట్టిలో పోసినప్పుడు మాత్రం, కొలత పూర్తయ్యాక కూడా, ఇంకొక బిందె పోయాలనిపించేది. పోసేవాణ్ణి.