చంద్రమ్మత్త సాలు

కొబ్బరి పొట్టు ఇటుకని బకెట్టు నీళ్ళలో వేస్తే, అది కాసేపు అలిగినట్టు పైనే తేలి, తర్వాత బుడగలు వదులుతూ ఉబ్బి, చివరికి బకెట్టంతా తనే అయి కూర్చుంటుంది. నరసరావుపేటలో నా అద్దెగది బాల్కనీలో నాలుగు మిరప మొక్కలు పెంచుదామని మొన్న అలా నానబెట్టాను. తడిసిన గోనెసంచీ, పాత మోకుతాడూ, తొలివాన పడ్డ వసారా కలిసినట్టుండే ఆ వాసన ముక్కుకి తగలగానే ఆఫీసూ, సాయంత్రం ట్రాఫిక్కూ వెనక్కిపోయి, గురజాల అవతల మా ఊరి బడి వరండా, అందులో బాసింపట్లు వేసుక్కూర్చుని పాఠాలు విన్న మా అమ్మ కూలి ముఠా కళ్ళముందుకొచ్చాయి.

మా ఊళ్ళో కాలాలకి వాసనలుండేవి. సంక్రాంతి దాటితే ఊరంతా మిరపకాయల ఘాటు. కల్లాల మీదుగా గాలి వీస్తే బళ్ళో ఎక్కం చెప్పేవాడూ, చెప్పించే మాస్టారూ ఒకేసారి తుమ్మేవాళ్ళు. ఎండాకాలం కాలిన నాపరాళ్ళ మీద సాయంత్రం నీళ్ళు చల్లితే లేచే ఆవిరి వాసన, ఆవకాయ జాడీల నూనె వాసన, తాటిముంజలు ఒలిచిన చేతుల వాసన. తొలి ఏకాదశికి బెల్లం వేసి దంచిన పేలపిండి నోట్లో పోసుకుని మాట్లాడబోయి, ఎదుటివాళ్ళ మొహాన ఊదేసేవాళ్ళం.

ఇవన్నీ బాగానే ఉండేవి గానీ, పొద్దున్నే అమ్మ ఉండేది కాదు. మిరపకోతల రోజుల్లో చీకటితోనే ముఠా ఆటో వచ్చేది. అమ్మ వెళ్ళిపోయాక నా తల నాయనమ్మ చేతికి చిక్కేది. ఆమె ముందు నశ్యం పీల్చి, రెండు తుమ్ములు తుమ్మి, అదే చేత్తో నూనె రాసి జడలు వేసేది. ఒక జడ మాచర్ల వైపు చూస్తే రెండోది నరసరావుపేట వైపు చూసేది. అసలే నలుగురిలో నోరు విప్పలేని పిల్లని. ఆ జడలతో బడికెళ్ళి వెనక బెంచీలో గోడకి అతుక్కుపోయేదాన్ని.

అమ్మ ముఠాకి పెద్ద కోటమ్మ పెద్దమ్మ. ఆమె ఇంట్లో గుసగుసలాడితే వీధి చివర వినపడేది. ముఠాలో ఒక పద్ధతి ఉండేది. చేలో ఒక్కొక్కరూ ఒక్కో సాలు, అంటే ఒక్కో మొక్కల వరస, పట్టుకుని కోసుకుంటూ పోతారు. ముందు అయిపోయినామె గట్టెక్కి కూర్చోదు. పక్కకి జరిగి, వెనకబడినామె సాలుకి అవతలి కొసనుంచి కోస్తూ ఎదురొస్తుంది. దాన్ని సాలు అందివ్వడం అనేవాళ్ళు. ఆఖరి సాలు అయ్యాకే అందరూ కలిసి గట్టెక్కేది. ఆ ఆఖరి సాలు దాదాపు ఎప్పుడూ చంద్రమ్మత్తదే. ఆమెకి చూపు తక్కువ, మాట ఎక్కువ.

ఒక ఎండాకాలం సెలవుల్లో మా బడికి శిక్షణ వచ్చింది. ఊరి బయట ఎవరో పచ్చవల పందిళ్ళు వేసి మిరపనారు పెంచే నర్సరీ పెడుతున్నారనీ, అందులో చెయ్యి తిరిగినవాళ్ళే కావాలనీ, శిక్షణ తీసుకుని పరీక్ష పాసైతేనే పని ఇస్తారనీ దండోరా వేశారు. నర్సరీ అంటే ఇంటికి కూతవేటు దూరం, పొద్దెక్కాక వెళ్ళచ్చు. నాకు అర్థమైంది ఒక్కటే. అమ్మ పాసైతే నా జడలు అమ్మే వేస్తుంది. అంతవరకూ ఏ దేవుడికీ పెద్దగా పని చెప్పని నేను, ఆ సెలవుల్లో ఊళ్ళో ఉన్న దేవుళ్ళందరికీ చెప్పాను.

నేర్పడానికి వచ్చిన మేడం సన్నగా, చిన్న గొంతుతో, అప్పుడే కాలేజీ నుంచి వచ్చినట్టుండేది. నల్లటి ప్లాస్టిక్ ట్రేలు చూపించి, వాటి గుంతల్లో తడిపిన కొబ్బరి పొట్టు నింపి, వేలితో నొక్కి, గుంతకు ఒక్క గింజ వెయ్యాలంది. గుప్పిళ్ళతో చల్లి మళ్ళు నింపిన చేతులకి ఇది అవమానంగా తోచింది.

"ఒక్కటేనా? అది మొలవకపోతే ఏంది గతి?" అంది కోటమ్మ పెద్దమ్మ.

"మంచి విత్తనమండీ, మొలుస్తుంది."

"మొలిచినా దానికి తోడెవరుంటారమ్మా, అంత గుంతలో?" అంది చంద్రమ్మత్త, నిజంగానే జాలిపడుతూ.

"ఒక్కటే" అని మాత్రం మేడం రోజూ చెప్పింది. విని విని ముఠావాళ్ళు ఇంట్లో పోపు వేస్తూ కూడా "ఒక్కటే, ఒక్కటే" అని నవ్వుకునేవాళ్ళు.

మధ్యాహ్నం పెట్టే పులిహోర కోసం, ఉడకబెట్టిన గుడ్డు కోసం పిల్లలమంతా అక్కడే తిరిగేవాళ్ళం. ఆ ట్రేలని చూస్తే మాకు వామనగుంటల పీట తప్ప మరొకటి గుర్తొచ్చేది కాదు. చింతపిక్కలు వేసి ఆడి, ఒకసారి తియ్యడం మర్చిపోయాం. మేడం తన మామూలు తనిఖీలో ఆ ట్రే ఎత్తి, "ఈ రకం విత్తనం ఎవరు తెచ్చారు?" అంది బిత్తరపోయి.

"చింతతోపు ఏద్దామని," అంది అమ్మ, నవ్వు ఆపుకోలేక.

పరీక్ష రోజు పట్నం నుంచి ఒక సారు వచ్చాడు. చంకలో సంచీ, చేతిలో గొడుగు, చెమటకి వీపుకంటుకున్న చొక్కా. మధ్యాహ్నం నరసరావుపేట బస్సుకే తిరిగి వెళ్ళాలని రాగానే చెప్పాడు. వరండాలో అందర్నీ వరసగా కూర్చోబెట్టి తలా ఒక ట్రే, పొట్టు, గింజలు ఇచ్చి, ఎవరిది వాళ్ళే చెయ్యాలన్నాడు. నేను కిటికీ ఊచల వెనక నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాను.

కోటమ్మ పెద్దమ్మ అందరికంటే ముందు ముగించింది. ముగించి, అలవాటుగా పక్కకి జరిగి, చంద్రమ్మత్త ట్రేలో అవతలి అంచు నుంచి గింజలు వెయ్యడం మొదలుపెట్టింది.

"ఏమ్మా, ఆమె ట్రేలో నీకేం పని?" అన్నాడు సారు.

"అందిస్తన్నా సారు."

"ఏం అందిస్తున్నావు?"

"సాలు."

సారు మొహం ఎర్రబడింది. పరీక్షలో కాపీ కొట్టడం తెలుసు గానీ, పక్కవాళ్ళ జవాబు మనమే రాసిపెట్టడం ఆయన చూసినట్టు లేదు. ట్రేలన్నీ ఖాళీ చేయించి మళ్ళీ మొదలుపెట్టమన్నాడు. ఈసారి ఒక్కొక్కరినీ ఒక్కో మూల, గోడ వైపు తిప్పి కూర్చోబెట్టాడు. మాట్లాడకూడదన్నాడు. నోరు ఆగితే వాళ్ళకి చెయ్యి కూడా సరిగా ఆడేది కాదు. కొళాయి పక్క మూలలో కూర్చున్న మా అమ్మ, శిక్షపడ్డ పిల్లలా గోడని చూస్తూ, గింజ గింజకీ నిట్టూర్చింది.

ఎలాగో అందరివీ అయ్యాయి, చంద్రమ్మత్తది తప్ప. ఆమె ట్రేని ముక్కుకి ఆనించుకుని ఇంకా సగంలోనే ఉంది.

"టైమైపోయింది. అయినవాళ్ళు ట్రేలు తెచ్చివ్వండి. పాసు," అన్నాడు సారు.

ఎవరూ లేవలేదు.

"లేవరేం?"

"చంద్రమ్మది కాందే గట్టెట్టా ఎక్కుతాం సారు?" అంది పెద్దమ్మ.

"ఇక్కడ గట్టెక్కడుంది?"

"ఆ మెట్లే అనుకోండి."

"ట్రేలు ఇవ్వకపోతే అందర్నీ ఫెయిలు చేస్తాను!"

అమ్మ చెయ్యి నిండిన ట్రే మీదే ఉంది. తెచ్చిస్తే చాలు, పాసు. అమ్మా, లేమ్మా అని అరవాలనుకున్నాను. దానికి బదులు కిటికీ ఊచని వేలితో టకటకా కొట్టాను. అమ్మ తల తిప్పి నా వైపు చూసింది. చూసి, ట్రేని ఒళ్ళోకి లాక్కుని ఇంకా సర్దుకుని కూర్చుంది.

"నా మూలాన మీరెందుకే చెడిపోవటం? పోండే," అని ఏడుపు మొహం పెట్టింది చంద్రమ్మత్త.

"నువ్వు నోరు మూసుకుని గింజలెయ్యి," అంది అమ్మ.

అప్పుడే మలుపులో పేట బస్సు హారను మోగింది. అది వెళ్తే మళ్ళీ సాయంత్రమే. సారు రోడ్డు వైపు చూశాడు, మూలల్లో కదలని వీపుల వైపు చూశాడు, మేడం వైపు చూశాడు. మేడం దూలాల వైపు చూస్తోంది. సారు గొడుగు కింద పడేసి, చెప్పులు విడిచి, చంద్రమ్మత్త ఎదురుగా గొంతుక్కూర్చుని, "ఇటు తే అమ్మా ఆ గింజలు" అని ట్రే అవతలి అంచు అందుకున్నాడు.

"ఒక్కటే సారూ, గుంతకొక్కటే!" అని అన్ని మూలల నుంచీ ఒకేసారి అరిచారు.

ఆఖరి గుంత నిండగానే అందరూ లేచారు. సారు పొట్టు చేతులతోనే అందరికీ పాసు రాసి, ఒక చెప్పు చేత్తో పట్టుకుని బస్సు వెంట పరిగెత్తాడు. పది పన్నెండు రోజులకి ట్రేలన్నీ మొలిచాయి. చంద్రమ్మత్త ట్రేలో మాత్రం సారు వేసిన అవతలి రెండు వరసల్లో గుంతకి జంట మొలకలు. ఒకదాన్ని పీకెయ్యమంటే ఆమె ఒప్పుకోలేదు.

ఆ ఏడు బడి తెరిచిన రోజు నా జడలు రెండూ ఒకే దిక్కు చూశాయి.

ఇప్పుడా నర్సరీలో గింజలు మెషీనే వేస్తుంది, గుంతకి సరిగ్గా ఒక్కటి. గేటు దగ్గర హాజరు మెషీన్‌కి ఎవరి వేలు వాళ్ళు ఆనించి వెళ్తారు, ఎవరి ట్రేలు వాళ్ళవే. చంద్రమ్మత్త లేదు. సాలు అందివ్వడమంటే ఏందని కొత్తగా చేరిన పిల్లలు అడుగుతారట. నిన్న అమ్మ నా దగ్గరికి వచ్చి చెప్పింది. ఇద్దరం బాల్కనీలో, నానిన పొట్టు నింపిన ట్రే ముందు కూర్చున్నాం. నేను వాసన చూస్తూ, ఇదంతా డైరీలో ఎలా రాయాలా అని ఆలోచిస్తూ, గింజలు రెండు వరసలేసి ఆగిపోయాను.

"ఇట్టాగైతే నీ మిరపకాయలు ఎప్పటికి తింటామే?" అంది అమ్మ. అని, ట్రే అవతలి అంచు నుంచి గింజలు వేస్తూ నా వైపుకి రావడం మొదలుపెట్టింది.