మూడు పిడికిళ్ల మచ్చు: షేక్ నాగూర్‌బీ

ఈ సంవత్సరం ఫిబ్రవరి ఐదవ తేదీ, గురువారం, ఉదయం ఆరు గంటల ఇరవై అయిదు నిమిషాలు. గుంటూరు మీద పొగమంచు ఇంకా విడలేదు, గాలి లేదు. ఉష్ణోగ్రత చూసి దినచర్య పుస్తకంలో వేసుకోవడానికి డాబా మెట్లెక్కుతుండగా ఫోన్ మోగింది. మాట్లాడినది కోటేశ్వరమ్మ. నల్లపాడు రోడ్డులోని మిరపకాయల షెడ్డులో పనిచేసే మనిషి.

"సార్, మన నాగూరమ్మ పోయింది సార్. పొద్దున్నే వచ్చింది, బస్తాలు విప్పించింది, గోడకానుకుని కూర్చుంది. లేపితే లేవలేదు."

మరణం అయిదు గంటల నలభై నిమిషాలకు సంభవించిందనీ, కారణం గుండెపోటనీ తరువాత తెలిసింది. ఆమె వయస్సు నలభై నాలుగు. ఆనాటి ఉష్ణోగ్రత నా పుస్తకంలో లేదు. పదహారేళ్లలో ఖాళీగా మిగిలిన గడి అదొక్కటే.

షేక్ నాగూర్‌బీ నా విద్యార్థిని. ఒక డిగ్రీ కళాశాలలో ముప్పై రెండేళ్లు గణాంకశాస్త్రం బోధించిన నాకు ఎందరో శిష్యులున్నారు. ముప్పై నాలుగేళ్ల వయస్సులో, పూర్తికాలపు ఉద్యోగం చేస్తూ, పూర్తికాలపు విద్యార్థినిగా చేరినది ఆమె ఒక్కతే. మిరపకాయల తొడిమలు తీసి, తాలుకాయలు, అంటే రంగు మారి తెల్లబారినవి, ఏరివేసే ముప్పై ఇద్దరు స్త్రీల జట్టుకు ఆమె మేస్త్రి. ఉదయం అయిదు నుంచి తొమ్మిది వరకు షెడ్డు. తొమ్మిదిన్నర నుంచి నాలుగు వరకు కళాశాల. నాలుగున్నర నుంచి ఎనిమిది వరకు మళ్లీ షెడ్డు. మూడు సంవత్సరాలు ఈ క్రమంలో మార్పు లేదు.

ప్రవేశ దినాన నేను అడిగిన మొదటి ప్రశ్న సహజమైనదే. "దూరవిద్యలో చేరవచ్చు కదమ్మా, ఇంత ప్రయాస ఎందుకు?"

"ఇంట్లో కూర్చుని చదివితే అనుమానం ఎవర్నడగాలి సార్, గోడనా?"

ఆమె అనుమానం ఒక్కటే. దానికోసమే ఓపెన్ స్కూల్లో ఇంటర్మీడియట్ పూర్తిచేసి వచ్చింది. మిరప వ్యాపారి టిక్కీ, అనగా గోనె బస్తా, మూతి విప్పి, పైనుంచి ఒక పిడికెడు తీసి, అందులో నాలుగు తాలుకాయలు కనబడితే నూరు టిక్కీలనూ మళ్లీ ఏరమంటాడు. ముప్పై ఇద్దరి రెండు రోజుల శ్రమ ఆ పిడికిలితో వృథా అవుతుంది. "వంద టిక్కీల్లో ఎన్నిట్లోంచి, ఎక్కడెక్కడ మచ్చు తీస్తే ఆ మాట నమ్మొచ్చు సార్? అది చెప్పే చదువేదో చెప్పండి, అందులో చేర్తాను." ప్రతిచయన సిద్ధాంతాన్ని, అంటే మచ్చు తీసే శాస్త్రాన్ని, అంతవరకు నేను పాఠ్యపుస్తకంలోని పూసల ఉదాహరణతో బోధించేవాడిని. మరుసటి సోమవారం నుంచి మిరపకాయలతో బోధించాను.

ఆమె వెంట ఘాటు కూడా తరగతికి వచ్చేది. మొదటి వారంలోనే నలభై ఒక్క మందీ తుమ్మారు. అనిల్ అనే పిల్లవాడు, "ఆంటీ, మీరొస్తే క్లాసులో పోపు పెట్టినట్టుందండీ" అన్నాడు. "అయితే మధ్యాహ్నానికి ఆకలి బాగా వేస్తుందిలేరా, క్యారేజీ తెచ్చుకున్నావా?" అన్నది నాగూర్‌బీ. తరగతి నవ్వింది, ఆమె కూడా నవ్వింది. తరువాత తనంతట తానుగా లేచి, పుస్తకంతో వరండాలోకి వెళ్లి, కిటికీ పక్కన గచ్చు మీద కూర్చుంది. కోత ముమ్మరంగా ఉండి షెడ్డు నుంచి నేరుగా రావలసిన దినాల్లో అదే ఆమె స్థానం. ముందుగా చీర మార్చుకుంటే పాఠంలో తొలి పది నిమిషాలు పోతాయి. అందుచేత నా మొదటి పీరియడు వరండాలో విని, అది ముగిశాక చీర మార్చుకుని, రెండవ పీరియడుకు లోపలికి వచ్చేది. హాజరు పిలిచినప్పుడు కిటికీలోంచి "ఎస్ సార్" అనేది.

ఇక్కడ నా విషయం ఒకటి నమోదు చేయాలి. గడప లోపల లేని విద్యార్థికి హాజరు వేయకపోవడం నా నియమం. ఆ నియమం ప్రకారం ఆమె పేరు ఎదుట సున్న వేశాను. వేస్తున్నట్లు ఆమెకు చెప్పలేదు, ఆమె అడగలేదు.

ఆఖరి అర్ధ సంవత్సరంలో జరిగిన పీరియడ్లు నాలుగు వందల ఇరవై. పరీక్షకు కూర్చోవడానికి డెబ్బై అయిదు శాతం, అంటే మూడు వందల పదిహేను, ఉండాలి. మార్చి ఇరవై తొమ్మిది, శుక్రవారం ఉదయం నోటీసు బోర్డు మీద అనర్హుల జాబితా అతికించారు. నాగూర్‌బీ పేరు ఎదుట రెండు వందల తొంభై మూడు. అభ్యంతరాలకు గడువు ఆ సాయంత్రం నాలుగు గంటలు. గడువు దాటితే మూడేళ్ల చదువు అక్కడితో ఆగుతుంది. మరొక సంవత్సరం అదే తరగతిలో కూర్చోవడానికి షెడ్డు యజమాని ఒప్పుకోనని ముందే చెప్పి ఉన్నాడు.

ఆమె నా గదికి వచ్చింది. ఏడవలేదు, గొంతు పెంచలేదు.

"సార్, నేను రోజూ పలికానే. మీరు విన్నారు కూడా."

"విన్నానమ్మా. కానీ మీరు గదిలో లేరు."

"అయితే మీరు గదిలోంచే మచ్చు తీశారు సార్."

ఆమె నోటు పుస్తకాలు తెమ్మన్నాను. నాకు పాఠ్య దినచర్య రాసే అలవాటు ఉన్నది. ఏ తేదీన ఏ ఉదాహరణ చెప్పానో అందులో ఉంటుంది. నా రిజిస్టరులో ఆమెకు పడిన సున్నలు ఇరవై ఆరు. ఇరవై ఆరు తేదీలకూ ఆమె పుస్తకంలో నోట్సు ఉన్నాయి, కారపు వేళ్ల ముద్రలతో సహా. మొత్తం కూడబోతుండగా ఆమే ఆపింది.

"ఆగండి సార్. ఈ మూడు రోజులూ నేను రాలేదు. అనిల్ పుస్తకం చూసి ఎక్కించుకున్నాను. వీటిని కలపొద్దు."

అప్పటికి మొత్తం ఎంత వస్తుందో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. మూడు తేదీలను పక్కన పెట్టి, ఇరవై మూడు సున్నలను కొట్టి, ప్రతి దాని పక్కనా సంతకం చేశాను. ప్రిన్సిపాల్ గారు రిజిస్టరు చూసి, "ఇన్నేళ్లలో మీ పుస్తకంలో ఒక్క కొట్టివేత చూడలేదండీ" అన్నారు. "తప్పు ఒకటే సార్, ఇరవై మూడు సార్లు చేశాను" అని మనవి చేసుకున్నాను. మూడు గంటల పది నిమిషాలకు జాబితా సవరించారు. ఆమె ఆగలేదు, నాలుగున్నరకు షెడ్డులో ఉండాలి.

ఆమె ఉత్తీర్ణురాలైంది. మరొక ఉద్యోగం చూసుకోమని నాతో సహా పలువురం చెప్పాం. "నేను నేర్చుకున్నది ఈ షెడ్డుకోసమే కదా సార్" అన్నది. ఆనాటి నుంచి ఆ షెడ్డులో, ఏ టిక్కీలు విప్పాలో చీటీలు తీసి నిర్ణయించి, ప్రతి టిక్కీలో పైనుంచి, నడుమనుంచి, అడుగునుంచి మూడు పిడికిళ్లు తీసే పద్ధతి వచ్చింది. ఒక వ్యాపారి ఎగతాళి చేశాడట. "ఏందమ్మా, మిరపకాయలక్కూడా పరీక్షలా?"

"పరీక్ష కాయలకి కాదండీ, మీ పిడికిలికి."

ఆమె భర్త సుభాని ఆటో నడుపుతాడు. మూడేళ్లూ ఆమెను షెడ్డుకు, కళాశాలకు తిప్పినది అతడే. ఒకనాడు నాతో, "కూరలో ఉప్పు చూడాలన్నా గిన్నెలో మూడు చోట్ల రుచి చూస్తోందండీ. మీ చదువేమో గానీ మాకు అన్నం ఆలస్యమవుతోంది" అన్నాడు. ఫిర్యాదు చేస్తున్న మనిషి ముఖంలో అంత గర్వం నేను మరెక్కడా చూడలేదు.

జనాజా, ఖననం ఆ సాయంత్రమే జరిగాయి. ముప్పై ఇద్దరు స్త్రీలూ పని మాని ఆమె ఇంటి ముందు కూర్చున్నారు. సోమవారం కోటేశ్వరమ్మ మళ్లీ ఫోన్ చేసి, "సార్, నూటయాభై టిక్కీలొచ్చాయి, ఎన్ని విప్పాలి?" అని అడిగింది. సంఖ్య చెప్పాను. "మరి వ్యాపారి ఒప్పుకోకపోతే ఏం చెప్పాలి సార్?" అన్నది. దానికి నా శాస్త్రంలో సూత్రం లేదు. వ్యాపారి ఎదుట నిలబడి, గొంతు పెంచకుండా, ఆ సంఖ్యను నిలబెట్టగల వ్యక్తి ఇక లేదు. ఆ స్థానాన్ని భర్తీ చేయగలవారెవరో నాకు కనబడడం లేదు.

శిష్యురాలికి గురువు సమర్పించే నివాళి ఇంతకన్నా ఘనంగా ఉండాలేమో. నాకు చేతనైనది సరిచూసిన లెక్క మాత్రమే. జరిగిన పీరియడ్లు నాలుగు వందల ఇరవై. కావలసినవి మూడు వందల పదిహేను. షేక్ నాగూర్‌బీ హాజరైనవి మూడు వందల పదహారు.