ఇస్సాకు డ్రమ్ముకు రింగు సరిచేసిన రోజు

మార్కాపురం బస్టాండు ఎదురు సందులో బ్యాండు డ్రమ్ములు బాగుచేసే ఏబేలంటే ఎవరికి తెలీదు? పక్కనే పూలు కట్టి అమ్ముకునేదాన్ని, ఆయన దినమంతా కొట్టే టకటకకు నా చెవులు ఎప్పుడో చిల్లులు పడినాయి. "కొంచేపు ఆపరాదా నాయనా" అంటే నవ్వుతాడు. ఒళ్లు మండిపోతది నాకు.

పనికి మాత్రం వంక పెట్టలేం. డ్రమ్ము మీద తోలును అదిమి పట్టే ఇనప రింగును పలకరాయి బండ మీద పెట్టి, ఎక్కడ ఎగిసిందో వేలితో నొక్కి చూస్తాడు. కొయ్య సుత్తితో మెల్లగా కొట్టి వంకర తీస్తాడు. మళ్లీ ఎక్కించేటప్పుడు ఒక బోల్టు బిగిస్తే, తర్వాత దాని ఎదురు బోల్టే బిగించాల. దయ్యాలు గియ్యాలు ఉన్నాయంటే మాత్రం నాతో తగువుకొస్తాడు.

మొన్న ఎండల్లో రూతమ్మ వచ్చింది. ఆమె మొగుడు ఇస్సాకు మేళంలో సైడ్ డ్రమ్ము కొట్టేవాడు. కంభం దోవలో మేళమోళ్ల ఆటో బోల్తాపడి చనిపోయినాడు. ఆ డ్రమ్మునే బిడ్డను ఎత్తుకున్నట్ల చంకలో పెట్టుకోని వచ్చింది.

"అన్నా, నేను పిలిస్తే ఇందులోనించి ఈయన పలుకుతాడు. దినదినానికీ తగ్గిపోతాంది. పలుకు పోకుండా చెయ్యన్నా" అన్నది.

నేను నవ్వబోయి ఆపుకున్నా. ఏబేలు నిదానంగా చెప్పినాడు. "అడుగున తీగలుంటాయి చెల్లీ. ఏ సద్దుకైనా అదురుతాయి. నేను దగ్గినా పలుకుతాయి, చూడు."

గట్టిగా దగ్గినాడు. డ్రమ్ము కిక్కురుమనలేదు. నన్ను కేకెయ్యమన్నాడు. అరవడానికి నన్ను మించినోళ్లెవరు? గొంతు చించుకోని అరిచినా. ఊహూ.

రూతమ్మ ముందుకు వంగి, ఇంట్లో అన్నానికి పిలిచినట్ల, "ఏమయ్యో" అన్నది.

బిర్ర్‌మని సన్నగా పలికింది.

నాయనో! నా చేతిలో పూలదండ జారి కింద పడింది. మిట్టమధ్యాహ్నం, బయట బస్సులు హారన్లు కొడ్తాండాయి. వాటికి పలకని తీగలు ఆ ఒక్క మాటకు పలికినాయి.

ఏబేలు రింగు చుట్టూ వేలితో నొక్కి చూసినాడు. "రింగు వంగి ఒక పక్క తోలులోకి దిగబడింది. అందుకే తగ్గిపోతాంది. సరిచేస్తే గట్టిగా పలకొచ్చు, అసలు పలక్కనే పోవచ్చు. నేను మాటియ్యలేను" అన్నాడు. రూతమ్మ కొంగుతో డ్రమ్ము తుడిచి ఏబేలు ముందుకు జరిపింది. "చెయ్యన్నా" అన్నది.

బోల్టులు వదులు చేసి రింగు పైకి లేపినాడు. అప్పుడు ఒక సద్దు వచ్చింది. తీగలది కాదు. తలమీది మూట దించిన మనిషి ఊపిరి విడిచినట్ల ఉంది. ముగ్గురమూ విన్నాం. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

పొద్దు వాలేదాకా ఆ రింగుతోనే ఉన్నాడు. బిగించి పుల్లతో కొడితే, అంత మంచి గొంతు ఏ డ్రమ్ముకూ నేను వినలేదు.

"పిలువమ్మా" అన్నాడు.

"ఏమయ్యో."

ఏమీ లేదు. మళ్లీ పిలిచింది. ఏబేలు గబగబా ఒక బోల్టు బిగించి, ఒకటి వదులు చేసి, "ఇప్పుడు పిలువు" అన్నాడు. రూతమ్మ పిలవబోయి ఆగిపోయింది.

"అన్నా, ఆ రింగు ఆయన్ని నొక్కుతా ఉండిందా?"

ఏబేలు కొయ్య సుత్తి తీసి పక్కన పెట్టినాడు.

"పలుకుతాండాడు అనుకుంటిని. మూలుగుతాండెనా అన్నా? నిద్రపోయే మనిషిని దినామూ పిలిచి పిలిచి లేపితినా?"

దయ్యాల్లేవని ఊరంతా వాదించే మనిషి, ఒక్కసారి "కాదులే తల్లీ" అనుంటే ఏం పోయేది? ఆయన నోరు పడిపోను, అనలేదు. నేనే లేచి ఆమెను పట్టుకున్నా.

ఆటో ఎక్కించినాం. డ్రమ్ము ఒళ్లో పెట్టుకుంది. "ఎక్కడికమ్మా?" అని డ్రైవరు అడిగినాడు. రూతమ్మ, ఒళ్లో మనిషి లేస్తాడన్నట్ల పైటకొంగు నోట్లో కుక్కుకోని, తన ఊరి దిక్కుకు వేలు చూపించింది.