ఖాళీగా వదిలిన గడి

మీరు చివరిసారి ఎవరిని చూసి భయపడ్డారు? ఆ భయంలో మీ కళ్ళు చూసిందెంత, మీరు కల్పించుకున్నదెంత?

నా చిన్నప్పుడు ధర్మవరంలో, మా ఇంటి మగ్గం మీద ఒక ఉదయం పడుగు పోగులు గుత్తిగా తెగి కనిపించాయి. ముందురోజు వీధి చివరి అవ్వ మజ్జిగ కోసం వచ్చి, మగ్గం దగ్గర కాసేపు నిలబడి వెళ్ళింది. ఆమెది కర్ణాటక సరిహద్దులోని అమరాపురం వైపు. ఒంటరి మనిషి. నడుస్తూ తనలో తాను కన్నడంలో గొణుక్కునేది. మధ్యాహ్నానికల్లా ఆమే చేతబడి చేసిందని వీధంతా తేల్చేసింది. పళ్ళు ఊడగొడితే మంత్రం పారదట. ఆ సాయంత్రమే ఆమె పళ్ళు పీకెయ్యాలని మా అరుగు మీదే నిర్ణయమైంది. పక్కింటాయన పట్టకారు తెచ్చి పక్కన పెట్టుకున్నాడు. ఆ పట్టకారును చూసి నేను భయపడలేదు. అవ్వను తలచుకుని భయపడ్డాను.

మా చిన్నాయన చీరల అంచులకు డిజైన్లు గీసేవాడు. గళ్ళ కాగితం మీద గడికో చుక్క పెడుతూ పోతే హంస తేలేది, మామిడిపిందె తేలేది. తీరిక దొరికితే ఆ కాగితం వెనకే పిల్లలకు బొమ్మల కథలు గీసేవాడు. ఆ మధ్యాహ్నం తలుపు చాటున వణుకుతున్న నన్ను పిలిచి, మూడు పెద్ద గడులు గీశాడు. మొదటి దాంట్లో మగ్గం దగ్గర అవ్వ. చివరి దాంట్లో తెగిన పోగులు. మధ్య గడి ఖాళీ.

ఆ ఖాళీలో అవ్వ జుట్టు విరబోసుకుంది. గోళ్ళు పెరిగాయి. వేళ్ళు పోగుల మీదుగా మా తమ్ముడి ఉయ్యాల వైపు పాకాయి. నేను కళ్ళు మూసుకున్నాను.

"ఏం పాపా, ఈ గడిలో ఏముండాది?"

"ఏమీ లేదు చిన్నాయనా."

"మరి యాల వణుకుతాండావు? నేను గీసింది రెండు బొమ్మలే. మధ్యది నువ్వు గీసుకున్నావు."

సాయంత్రం జనం లేచి అవ్వ ఇంటి ముందుకు చేరారు. ఆమె గడియ పెట్టుకుంది. లోపల కన్నడంలో ఏడుస్తోంది. అదీ మంత్రమే అన్నారు. చిన్నాయన ఆ తలుపుకు అడ్డంగా నిలబడి, ఆ మూడు గడుల కాగితం, పెన్సిలు పక్కింటాయన ముందు చాచాడు.

"ఏమబ్బా, ఆయమ్మ పోగులు తెంపేది చూసినావు కదా. ఈడ గియ్యి."

"నాకు గీసేది యాడొస్తాదప్పా?"

"వంకరటింకరగా గియ్యి, పర్వాలేదు. చూసినోని చెయ్యి దానంతటదే పోతాది."

పెన్సిలు పట్టుకోవాలంటే పట్టకారు కింద పెట్టాలి. పెట్టాడు. ఖాళీ గడిలో మొన ఆనించాడు. గీత పడకముందే ఎత్తేశాడు.

"నేను చూల్లేదప్పా. మా ఇంటామె చెప్పింది."

ఆమెను పిలిస్తే, తనకు వాళ్ళక్క చెప్పిందంది. "వాళ్ళక్కకు ఎవురు చెప్పినారో ఆయమ్మను గూడా పిలవండి, తిరునాళ్ళ అయితాది," అన్నారు వెనక నుంచి ఎవరో. కాగితం చేతులు మారింది. ఒక్క గీతా పడలేదు. చివరికి మా నాయన చేతికొచ్చింది. పోగులు పోగొట్టుకున్నది ఆయనే. ఆ ఖాళీని చూసి, చూసి, "పొండప్పా ఇండ్లకు," అన్నాడు.

అవ్వ పళ్ళు మిగిలాయి. పోగుల్ని ఎలుక కొరికిందో, మరేమైందో ఈనాటికీ తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడేవాళ్ళే పట్టకారు పట్టుకుంటారు.

తర్వాత చిన్నాయన వారపత్రికలకు బొమ్మల కథలు గీసి పేరు తెచ్చుకున్నాడు. వాటిని చదివేటప్పుడు మనసు చేసే పనిని వివరిస్తూ ఒక పుస్తకం రాశాడు. బెంగళూరులో బొమ్మలు నేర్చుకునే పిల్లలు ఇప్పటికీ దాన్ని చదువుతారు. బొమ్మకూ బొమ్మకూ మధ్య కథను గీసేది చదువరే, కాబట్టి ఆ కథకు బాధ్యతా చదువరిదే అన్నది ఆయన వాదం. పండితులు దాన్ని సిద్ధాంతమంటారు. నాకు మాత్రం అది పట్టకారు నేలను తాకిన చప్పుడు.

మొన్న హిందూపురం బస్సులో పక్క సీటు అమ్మాయి ఫోన్ చూపించింది. పెనుకొండ రోడ్డు మీద గోనెసంచితో ఒక మనిషి. ఆ ఫోటో కింద ఇంకో ఫోటోలో ఏడుస్తున్న బిడ్డ. "పిల్లల్ని ఎత్తుకపోతాండారంట అవ్వా," అంది. ఈ వయసులోనూ ఆ భయం నన్ను వదల్లేదు. ఆ ఖాళీ గడీ వదల్లేదు.

ఆ అమ్మాయిని అడిగిందే మిమ్మల్నీ అడుగుతున్నాను. మధ్య బొమ్మ ఏది? చూసినవాళ్ళెవరు? ఇప్పుడే మీ ఫోన్ తీయండి. రెండు బొమ్మలు అతికించి ఒక మనిషిని దొంగను చేసిన సందేశం అందులో ఉంటే ముందుకు పంపకండి. మీకు పంపినవాణ్ణి పిలిచి, పెన్సిలు చేతికివ్వండి.