పొడుగు బొంతా, పొట్టి బొంతా: మైపాడు సరుగుడు తోటలో ఒక రాత్రి

ఈ ప్రయాణం సరదా పుట్టి చేసింది కాదు, ఒక ఒప్పందం కోసం చేసింది. నేను ముత్తుకూరు దగ్గర ఒక కరెంటు ప్లాంటులో బాయిలర్ వైపు పనిచేస్తాను. ఇరవై మూడేళ్ళుగా షిఫ్టులే. నడుములో డిస్కు జరిగాక మంచం మీద నిద్ర పట్టడం మానేసింది. గుడ్డ ఊయలలో, అదే హ్యామక్‌లో, మాత్రం ఒళ్ళు వాలిస్తే చాలు. అందుకే నాలుగేళ్ళుగా సెలవు దొరికితే రెండు చెట్లు వెతుక్కుని ఊయల కట్టుకోవడం నాకు అలవాటైంది. మా ఆవిడ సువార్త ఒక్కసారి కూడా రాలేదు. ఇద్దరం కలిసి వెళ్ళాలనుకున్న ప్రయాణాలు మూడు, మూడూ ఆఖరి నిమిషంలో సెలవు రద్దయి ఆగిపోయాయి. ఈసారి జనవరి ఆఖర్లో లంబసింగికి ఐదు రోజులు మంజూరయ్యాయి. ఆ మాట చెబితే ఆమె ఎగిరి గంతేయలేదు. "ముందు మైపాడులో ఒక్క రాత్రి పడుకుంటా. నిద్ర పట్టిందా, వస్తా. పట్టలేదా, ఇంక మనింట్లో ఊయల మాట ఎత్తబాకండి. నాకు ఓపిక లేదు" అంది. ఓపిక నాకూ లేదు. ఇది కూడా పోతే ఐదోసారి అడిగే ముఖం నాకు ఉండదని మాత్రం తెలుసు.

కొత్తవాళ్ళ కోసం ఒక మాట. ఊయలలో పడుకున్నవాళ్ళని చలి పైనుంచి కాదు, కిందనుంచి పట్టుకుంటుంది. లోపల దుప్పటి పరుచుకున్నా అది ఒంటి బరువుకి నలిగిపోయి పనికిరాదు. అందుకని ఊయలకి బయట, వీపు కింద, ఒక బొంతను వేలాడదీస్తారు. అమ్మేవాళ్ళు దాన్ని అండర్‌క్విల్ట్ అంటారు, నేను అడుగు బొంత అంటాను. ఇందులో రెండు పొడవులు. ఒకటి తల నుంచి పాదాల దాకా వచ్చేది, కిలోకి కాస్త తక్కువ బరువు. రెండోది భుజాల నుంచి మోకాళ్ళ దాకా వచ్చే పొట్టిది, బరువు అందులో సగం కంటే కొంచెం ఎక్కువ, సంచిలో సగం చోటు మిగులుతుంది. ధరలో తేడా రెండు వేల దాకా ఉంది. నా దగ్గర పొట్టిది ముందే ఉంది. చలికి ఓర్వలేని మనిషి కదా అని సువార్తకు పొడుగుది తెప్పిద్దామనుకున్నాను. టేపు తీసుకుని వంటగది గుమ్మం దగ్గర ఆమెను నిలబెట్టి తల నుంచి మడమ దాకా కొలిచాను. "ఏందండీ, సమాధి పెట్టెకా కొలత?" అంది. నవ్వాను గానీ ఆ కొలత ప్రకారమే ఆర్డరు పెట్టాను.

డిసెంబరులో ఒక శనివారం, నైటు షిఫ్టు దిగి, మూడు గంటలు పడుకుని, మధ్యాహ్నం రెండింటికి నెల్లూరు బస్టాండు చేరాం. మైపాడు బస్సు ఇందుకూరుపేట మీదుగా వెళ్తుంది, గంట ప్రయాణం, ఇద్దరికీ కలిపి వంద రూపాయల్లోపే. మూటలు చూసి కండక్టరు మొహం చిట్లించడంతో నేనే దిగి ఆటో మాట్లాడాను. ఐదు వందలు. అలసిపోయి ఉన్నప్పుడు ఐదు వందలు పెద్ద మొత్తం కాదనిపిస్తుంది, మర్నాడు అవుననిపిస్తుంది. డ్రైవరు మస్తాన్ మూటలు సర్దుతూ, "ఏందన్నా, కాపరం మారస్తా ఉండారా?" అన్నాడు.

"ఒక్క రాత్రి నిద్రకి."

"నిద్రకి ఇంత సామానా? మా ఇంట్లో చాప ఒకటే ఉండాది. నిద్ర మాత్రం దండిగా ఉండాది" అని బండి తీశాడు. దారంతా నాకు కళ్ళు మూతలు పడుతూనే ఉన్నాయి. సువార్త మాత్రం చేలవైపు చూస్తూ కూర్చుంది. ఆమె ప్రయాణాల్లో కునుకు తీయదు.

బీచి దగ్గర జనం ఉండే చోటు దాటి ఉత్తరంగా పది నిమిషాలు నడిస్తే సరుగుడు తోటలు. అక్కడ వలలు బాగుచేసుకునే పోలమ్మ నాకు రెండేళ్ళుగా తెలుసు. అరవై దాటిన మనిషి. ముందు రోజు ఫోన్ చేస్తే ఇద్దరికి అన్నం, చేపల పులుసు వండి పెడుతుంది, మనిషికి నూట యాభై. తోట ఆమె చిన్నాన్నగారిది. "కట్టుకోండి గానీ చెట్టుకి మేకు కొట్టబాకండి, తాడు ఒరుసుకోనీబాకండి" అంది. వెడల్పాటి పట్టీలు వేసి, పన్నెండు అడుగుల ఎడం ఉన్న చెట్లకి రెండు ఊయలలు కట్టాను. సువార్త ఊయల కింద పొడుగు బొంత, నా ఊయల కింద పొట్టిది. చీకటి పడకముందే తినేశాం. పులుసు బాగుందని ఆమె రెండోసారి వేయించుకుంది. నాకు ఆశ పుట్టింది. మర్నాడు ఆదివారం. ఆరున్నర బస్సుకి వెళ్తే చర్చిలో తొమ్మిదిన్నర ఆరాధన అందుకోవచ్చని ఆమె ముందే లెక్క వేసుకుంది. నాకు తెలిసి ఆమె జ్వరం వచ్చినా ఆరాధన మానలేదు.

రాత్రి గురించి చెప్పడానికి నా దగ్గర ఎక్కువ లేదు. నేను పడుకోగానే నిద్రపోయాను. మధ్యలో పాదాలు చల్లబడి ఒకసారి మెలకువ వచ్చింది, బొంత అంతదాకా రాదు కదా అనుకుని మళ్ళీ పడుకున్నాను. ఐదింటికి లేచి చూస్తే పక్క ఊయల ఖాళీ. సువార్త పోలమ్మ పాక ముందు శాలువా కప్పుకుని, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వీపంతా ఐసు పెట్టినట్టు ఉన్నింది. రెండింటికే మెలకువ వచ్చింది, మళ్ళీ నిద్ర పట్టలా. ఇంక నావల్ల కాదండీ" అంది. కోపంగా అంటే సర్దిచెప్పేవాణ్ణి. అలసటగా అంది. అంత డబ్బు పోసి తెప్పించిన పొడుగు బొంత కదా, పొట్టిదాని మీద పడుకున్న నేనే బాగున్నాను కదా అని వాదించబోయి మానుకున్నాను. మైపాడులోనే ఇట్లా అయితే లంబసింగి సంగతి చెప్పక్కర్లేదు. ఒప్పందం ప్రకారం అయిపోయింది. సామాను సర్దుదామని లేచాను.

కండెతో వల కుట్టుకుంటున్న పోలమ్మ తల ఎత్తకుండానే అడిగింది: "పొడుగుది ఆయమ్మకి ఎందుకు కట్టినావు నాయనా?"

"చలికి తట్టుకోలేదని."

"తెల్లారగట్ట పడవ కాడికి పోతా చూసినాను. ఆయమ్మ రొయ్య మాదిరి ముడుచుకోని ఉండాది. సగం ఊయలలో మనిషే లేదు. కాళ్ళ తట్టు నీ బొంత నోరు తెరుచుకోని ఉండాది, గాలంతా దాంట్లోకే పోతా ఉండాది. నువ్వేమో ఎండబెట్టిన వంజరం మాదిరి నిలువునా చాపుకోని, పాదాలు బయట పెట్టుకోని ఉండావు." అప్పుడు తల ఎత్తింది. "చేపని చూసి గదా వల అల్లేది. కవళ్ళ మాదిరి చిన్న చేపకి సన్న కన్ను వల, వంజరానికి పెద్ద కన్ను వల. నువ్వు చేపని చూడకుండానే వల తెచ్చినావే!"

నేను సువార్త వైపు తిరిగాను. "నువ్వు ముడుచుకుని పడుకుంటావా?"

"పెళ్ళైన కాడి నుంచి."

"నాకు తెలీదు."

"మీకెట్లా తెలుస్తాది? ఇంట్లో ఉన్న రాత్రి నాకంటే ముందే పడిపోతారు. లేని రాత్రి ప్లాంటులో ఉంటారు" అంది టీ తాగుతూ. నిష్ఠూరం కూడా లేదు ఆ మాటలో. నాకు సిగ్గేసింది. పెళ్ళై ఇరవై ఒక్క ఏళ్ళు. బాయిలర్ గొట్టాల్లో ఏది ఎంత వేడెక్కుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

వెళ్ళి బొంతలు మార్చాను. పొట్టిదాన్ని ఆమె ఊయలకి కట్టి, భుజాల వైపు జానెడు పైకి జరిపి, రెండు చివర్లా ముడి బిగించాను. గాలి ఇంకా ఈశాన్యం నుంచి కొడుతూనే ఉంది, చలి ఆ వేళకే ఎక్కువ. "ఒక్క పది నిమిషాలు. బస్సుకి ఇంకా టైముంది" అన్నాను. నా మీద జాలిపడి ఎక్కింది. కుడివైపు తిరిగి, మోకాళ్ళు పొట్టలోకి లాక్కుని, రెండు చేతులూ చెంప కింద పెట్టుకుంది. కింద చెయ్యి పెట్టి చూశాను, బొంత ఎక్కడా ఖాళీ లేకుండా వీపుకి ఆనుకుని ఉంది. పది నిమిషాలకి ఊపిరి బరువైంది.

ఆరింపావుకి లేపాలి. లేపితే బస్సు అందుతుంది, ఆరాధన అందుతుంది. లేపకపోతే తిట్లు ఖాయం. ఇసకలో కూర్చుని గడియారం చూస్తూ ఉండిపోయాను. ఆరున్నర బస్సు హారను తోటలోకి వినిపించింది. ఏడింటి బస్సుదీ వినిపించింది. పోలమ్మ మారు టీ తెచ్చి, ఊయల వైపు ఒకసారి చూసి వెళ్ళింది. నాకు కూడా నిద్ర ముంచుకొస్తోంది గానీ పడుకోబుద్ధి కాలేదు. సువార్త నిద్రలో కింది పెదవి కొంచెం ముందుకు పెడుతుంది. అది కూడా నాకు అప్పటిదాకా తెలియదు.

తొమ్మిదికి పావు తక్కువకి లేచింది. ఎండ చూసి ఉలిక్కిపడింది. "ఆరాధన పోయింది! లేపలేదేందండీ?"

"లేపబుద్ధి కాలేదు."

జుట్టు ముడి వేసుకుని, చెప్పులు వెతుక్కుని, మడతపెట్టడానికి బొంత విప్పుతున్న నా దగ్గరికి వచ్చింది. "లంబసింగి అయిదు రోజుల్లో ఆదివారం ఉండాదా?"

"ఉంది."

"ఆ పొద్దు కూడా లేపబాకండి" అంది.

తిరుగు ప్రయాణం పదింటి బస్సులో. కండక్టరు మళ్ళీ మొహం చిట్లించాడు, ఈసారి నేను దిగలేదు. నా ఒళ్ళు హూనమైపోయింది, సోమవారం మళ్ళీ షిఫ్టు. సువార్త నా భుజం మీద తల పెట్టి కునుకు తీసింది. ప్రయాణాల్లో కునుకు తీయదని ఇందాక రాశాను, అదీ నాకు సరిగ్గా తెలియదన్నమాట. నాలుగేళ్ళుగా గ్రాముల బరువుల గురించి, గుడ్డ గురించి, పట్టీల గురించి చదివాను. పక్కన పడుకునే మనిషి గురించి ఒక్క రాత్రి మేలుకోలేదు. అలసటే అడ్డమైంది, దాన్ని సాకు అనుకోండి, నిజమే అనుకోండి.

వెళ్ళబోయేవాళ్ళకి ఒకటే సూచన. వెల్లకిలా కాళ్ళు చాపుకుని పడుకునేవాళ్ళకి ఒంటి పొడవు కంటే జానెడు ఎక్కువ ఉన్న పొడుగు బొంత, పక్కకి తిరిగి ముడుచుకునేవాళ్ళకి భుజాల దగ్గర ఖాళీ లేకుండా కట్టిన పొట్టి బొంత. ఎవరికి ఏది కావాలో తేల్చడానికి టేపు తీయకండి. ఆర్డరు పెట్టే ముందు ఒక రాత్రి మీరు మేలుకుని, వాళ్ళు ఎట్లా పడుకుంటారో చూడండి.